గడప దాటిన బిందె

అనగనగా దూదిపేట అని ఒక ఊరు. ఆ ఊళ్లో నేల నలుపు, పత్తి తెలుపు. మనుషులు మాత్రం అన్ని ఊళ్లలాగే ఆ రెంటికీ మధ్య.

ఆ ఊళ్లో పడమటి వీధిలో కాశింబీ అనే దూదేకుల ఇల్లాలు ఉండేది. ఆమెకు ఆస్తి అని చెప్పుకోదగ్గది ఒక్కటే, దూదేకే విల్లు. అత్త చేతిలోంచి ఆమె చేతికి వచ్చిన విల్లు అది. నిలువెత్తు కొయ్య, దానికి బిగించిన నరం. దాన్ని చూరుకు వేలాడదీసి, దూది మీదికి దించి మీటితే, గడ్డకట్టిన దూది కూడా నురగలా పొంగేది. మొగుడు మౌలాలి ఆ దూదిని గుడ్డలో కూరి పరుపులు కుట్టేవాడు.

కాశింబీ ఏకిన పరుపు మీద పడుకుంటే పీడకలలు రావని ఊళ్లో ఒక మాట ఉండేది. నిద్ర తక్కువైంది ఆ పరుపు చేసినవాళ్లకే.

ఎందుకంటే పత్తి ఏడాదికి ఒక్కసారే వస్తుంది. మాఘమాసంలో చవకగా ఉన్నప్పుడు కొని పెట్టుకున్నవాడు బతుకుతాడు. ఎండలు ముదిరాక కొన్నవాడు మునుగుతాడు. చవకగా ఉన్నప్పుడు కొనాలంటే చేతిలో వంద రూకలుండాలి. కాశింబీ చేతిలో ఎప్పుడు చూసినా దూది పీచే.

ఊళ్లో రూకలున్న చెయ్యి ఒక్కటే. అది తూర్పు వీధి మేడలో ఉండే నవాజు సాయిబుది. ఆయన అయిదు పూటలా నమాజు చేసేవాడు. రంజాను నెలలో వీధి వీధంతటికీ గంజి కాచి పోయించేవాడు. ఆయన ముందు వడ్డీ అన్న మాట ఎవరైనా ఎత్తితే రెండు చెవులూ మూసుకునేవాడు.

"తౌబా, తౌబా! వ్యాపారం హలాలు, వడ్డీ హరాము. నేను వ్యాపారస్తుణ్ణి. వడ్డీ సొమ్ము నా గడప తొక్కదు" అనేవాడు.

ఆ మాట విని కాశింబీ ధైర్యం తెచ్చుకుంది. ఒక ఏడు మాఘమాసంలో ఆ మేడ మెట్లెక్కింది.

"సాయిబుగారూ, నాతో పొత్తు కలవండి. రూకలు మీవి, కష్టం నాది. లాభం వస్తే చెరి సగం" అంది.

"నష్టం వస్తే?"

"వస్తే మీ రూకలు పోతాయి, నా ఏడాది కష్టం పోద్ది."

నవాజు సాయిబు గడ్డం దువ్వుకుని నవ్వాడు. "నా రూకలు ఎందుకు పోవాలమ్మా? అంతకంటే మంచి దారి ఉంది" అని అల్మారాలోంచి ఒక ఇత్తడి బిందె తీశాడు. పాతదే, కానీ తోమి తోమి మెరుస్తున్నది.

"ఈ బిందె నీకు నూట ఇరవై రూకలకు అమ్ముతున్నాను. డబ్బు వచ్చే మాఘంలో ఇద్దువుగాని."

కాశింబీ నోరు తెరిచింది. "ఇదేంది సాయిబుగారూ! ఏడు రూకలు చెయ్యని బిందె నూట ఇరవయ్యా?"

"తొందరపడకు. బిందె చేతబట్టుకుని గడప దాటు. దాటావంటే అది నీది. వెంటనే మళ్లీ లోపలికి రా. అదే బిందె నాకు వంద రూకలకు అమ్ము. ఆ వంద ఇప్పుడే నీ కొంగులో పోస్తాను. వందకు వంద ముట్టింది, అప్పు అన్న మాట లేదు, వడ్డీ అన్న మాట అసలే లేదు. రెండూ బేరాలే."

కాశింబీ బిందె పట్టుకుని గడప దాటింది. మళ్లీ లోపలికి వచ్చింది. వంద రూకలు కొంగున కట్టుకుంది. సాయిబు ఒక కాగితం రాయించి వేలిముద్ర వేయించుకున్నాడు. కాశింబీ బిందె కొన్నదనీ, నూట ఇరవై ఇవ్వలేకపోతే దూదేకే విల్లు ఇచ్చుకుంటుందనీ అందులో ఉంది. తిరిగి అమ్మిన సంగతి మాత్రం లేదు. రెండు బేరాలూ ఒకే కాగితం మీద పక్కపక్కన కనబడితే చంటిపిల్లాడికి కూడా నవ్వొస్తుందని సాయిబుకు తెలుసు.

ఇంటికి పోయే దారిలో కాశింబీకి మనసులో ఏదో గుచ్చుకుంది. కానీ సర్దుకుంది. 'గడప దాటింది కదా, బేరమే అయ్యుంటుంది. అంత భక్తిపరుడు పాపం మూటగట్టుకుంటాడా!' అనుకుంది. దూదిపేటలో అందరూ ఇలాగే అనుకునేవాళ్లు. ఆ ఊరి తప్పల్లా అదే.

మొదటి ఏడు కాలం చక్కగా నడిచింది. విల్లు ఏడాదంతా మోగింది. తిండీ గుడ్డా పోను నూట ముప్పై రూకలు చేతికొచ్చాయి. నూట ఇరవై సాయిబుకి పోయాయి. కాశింబీకి మిగిలింది పది. ఏడాదంతా చెయ్యి ఆడించినందుకు పది, గడప దాటి వచ్చిన బిందెకు ఇరవై! లెక్క ఎక్కడో తప్పిందని ఆమె రెండుసార్లు వేళ్లు మడిచి చూసుకుంది. తప్పలేదు.

రెండో ఏడు బిందె మళ్లీ గడప దాటింది. వంద రూకలు కొంగుకు వచ్చాయి, నూట ఇరవై కాగితం మీదికి ఎక్కాయి. కాశింబీ పత్తి కొని కొట్టంలో నింపింది. చైత్రంలో ఎన్నడూ లేని గాలివాన వచ్చింది. కొట్టం మీది తాటాకు లేచిపోయింది. దూది నాని, నల్లబడి, కుళ్లిపోయింది. వాన కాశింబీని అడిగి వచ్చిందా? లేదు. కానీ బాకీ మాత్రం ఆమెదే. ఆ రాత్రి సాయిబు మేడలో ఒక్క చినుకైనా కారలేదు.

మూడో ఏడు మాఘంలో ఆమె ఉత్త చేతులతో మేడకు పోయింది. ఆ రోజూ ముసురు పట్టింది.

"దిగులుపడకు. ఈసారి బిందె నూట నలభైనాలుగు. నాకు నూట ఇరవైకి తిరిగి అమ్ము. ఆ నూట ఇరవై పాత బాకీ కింద చెల్లు" అన్నాడు సాయిబు.

"అంటే నా చేతికి?"

"నీ చేతికి ఏడాది గడువు."

కాశింబీ బిందె తీసుకుని గడప దాటింది. చూరునీళ్లు ధారగా బిందెలో పడ్డాయి. మరుక్షణం ఆమె పాదం మీద చల్లగా తగిలింది. వంగి చూస్తే బిందె అడుగున సన్నటి చిల్లి. అందులోంచి బొట్టు బొట్టుగా నీళ్లు.

"సాయిబుగారూ, ఈ బిందె కారుతోందండీ!"

సాయిబు పకపకా నవ్వాడు. "నీళ్లు మోయడానికా నువ్వు దీన్ని కొన్నది? తడవకుండా లోపలికి రా!"

ఆమె లోపలికి వచ్చింది. వేలిముద్ర వేసింది.

ఆ ఏడు పైర్లకు పురుగు పట్టింది. పత్తి ధర మూడింతలైంది. కొత్త పరుపులు ఎవరూ అడగలేదు. పాత పరుపులు ఏకించుకునేవాళ్లు కూడా వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు. దానికి తోడు మౌలాలికి దూది పొడికి దగ్గు పట్టుకుంది. తెచ్చిన వంద ఎప్పుడో దూదితో పాటు నానిపోయింది. దాని నెత్తిన ఎక్కిన నలభైనాలుగు మాత్రం చెక్కుచెదరకుండా కూర్చుంది. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఏమిటో దూదేకులవాళ్లకు ఒకరు చెప్పాలా!

ఒక్క కాశింబీ సంగతే కాదిది. అదే బిందెను కుమ్మరి కొన్నాడు, గానుగవాడు కొన్నాడు, నేతగాళ్లు ముగ్గురు కొన్నారు. ఏడు రూకల బిందె ఊరంతటికీ అమ్ముడుపోయింది, అయినా ప్రతిసారీ అల్మారాలోకే తిరిగొచ్చేది. ఏటా తూర్పు వీధి మేడ ఒక వరస పైకి లేచేది, పడమటి వీధి ఇళ్లు ఒక వరస కిందికి కుంగేవి.

గడువు తీరింది. నవాజు సాయిబు స్వయంగా పడమటి వీధికి వచ్చాడు.

"కాశింబీ, నూట నలభైనాలుగు ఇస్తావా? బిందెను మళ్లీ గడప దాటిస్తావా? లేక విల్లు ఇస్తావా?"

కాశింబీ చూరుకు వేలాడుతున్న విల్లు వంక చూసింది. అది పోతే ఆమె దూదేకులది కాదు, వట్టి కూలిమనిషి.

"మూడూ కావండీ. శుక్రవారం తగవులు తీర్చే ఖాజీగారు మసీదుకు వస్తారుగా, అక్కడ తేల్చుకుందాం" అంది.

"సంతోషంగా! నా కాగితాలు నిక్కచ్చి" అన్నాడు సాయిబు. ఆయనకు నిజంగానే సంతోషం వేసింది.

ఆయన వెళ్లగానే మౌలాలి దగ్గు ఆపుకుంటూ భార్యను దగ్గరికి పిలిచాడు.

"ఏమే, ఒక మాట చెబుతా విను. కాగితంలో బిందె కొన్నట్టే ఉంది. మనం వంద తీసుకున్నట్టు ఎక్కడా లేదు. చిల్లి బిందె అంటగట్టాడని చెప్పి బేరం తిప్పికొట్టు. వంద అసలు తీసుకోనే లేదను. ఎవరు చూశారు? నూట నలభైనాలుగూ ఎగిరిపోద్ది!"

కాశింబీ ఆలోచించింది. ఆలోచించలేదని చెబితే అబద్ధమవుతుంది. పొయ్యి మీద ఎసరు మరిగేదాకా ఆలోచించింది. ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది.

"చిల్లి సంగతి చెబుతానయ్యా, అది నిజం. వంద తీసుకోలేదని చెప్పను, అది అబద్ధం. ఆయన కాగితంలో దాచాడని నేను నోట్లో దాస్తే, ఆయన మేడకీ మన కొట్టానికీ తేడా ఎత్తులోనే గదా!"

మౌలాలి నొచ్చుకున్నాడు.

శుక్రవారం నమాజయ్యాక ఖాజీగారు మసీదు వసారాలో కూర్చున్నారు. పొరుగూరి మనిషి, పండు ముసలి, మాట నెమ్మది. నడుం నొప్పి వల్ల ఎక్కడికి పోయినా తన పరుపు వెంట తెచ్చుకునేవారు. ఆ పరుపు ఒకప్పుడు కాశింబీ అత్త ఏకిందే. ఊరు ఊరంతా వసారా ముందు చేరింది.

నవాజు సాయిబు కాగితం చదివి వినిపించాడు. ఖాజీగారు కళ్లు మూసుకుని విన్నారు.

"అమ్మా, నువ్వు బిందె కొన్నావా?" అని అడిగారు.

"కొన్నానండీ. గడప దాటించాను కూడా."

"మరి డబ్బు ఇవ్వనంటున్నావట?"

"ఖాజీగారూ, నాకు చదువు లేదు, ఒక్క సంగతి అడుగుతాను. సంతలో మా అమ్మ ఒకసారి కుండ కొంది. ఇంటికొచ్చి చూస్తే చిల్లి. తీసుకుపోయి కుమ్మరికి ఇచ్చేస్తే మారు మాట్లాడకుండా డబ్బులిచ్చేశాడు. అది ధర్మమేనా?"

"ధర్మమే. లోపం దాచి అమ్మితే, కొన్నవాడు తిప్పి ఇవ్వొచ్చు."

"అయితే సాయిబుగారి బిందె తెప్పించండి."

బిందె వచ్చింది. ఎండలో తళతళలాడింది. ఖాజీగారు నీళ్లు తెమ్మన్నారు. నిండా పోయించి, తన పక్కనే పరుపు అంచున పెట్టించుకున్నారు. కాసేపు ఏమీ కాలేదు. నవాజు సాయిబు ముఖం విప్పారింది. ఇంతలో పరుపు మీద అణా కాసంత తడి కనబడింది. అది అరచేయంత అయింది, పళ్లెమంత అయింది. ఖాజీగారు మెల్లగా పక్కకు జరిగారు.

"కారుతోంది" అన్నారు.

"ఈ సంగతి అమ్మేటప్పుడు చెప్పావా సాయిబూ?" అని అడిగారు.

"చెప్పలేదు, కానీ..."

"అమ్మా, నువ్వు ఎప్పుడు చూశావు?"

"కొన్నాక, గడప దాటినాక చూశానండీ. అక్కడే నిలబడి చెప్పాను. నీళ్లు మోయడానికా కొన్నావని ఆయన నవ్వారు."

జనంలో గుసగుస బయలుదేరింది. నవాజు సాయిబు లేచి నిలబడ్డాడు. "ఖాజీగారూ, ఇది అన్యాయం! ఈ బిందెను ఎవరూ నీళ్ల కోసం కొనలేదు!"

"మరి దేనికోసం కొన్నారు?"

సాయిబు నోరు తెరిచాడు. రూకల కోసం అనాలి. అంటే వడ్డీ అని ఒప్పుకున్నట్టే. మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. బిందె కోసమే అనాలి. అంటే చిల్లి బిందె తిప్పి తీసుకోవాలి. మళ్లీ మూసుకున్నాడు. చేప గట్టున పడితే ఇలాగే చేస్తుంది.

ఖాజీగారు బిందెను పరుపు మీంచి తీయించారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఇది బేరమైతే చిల్లి వల్ల రద్దు. బేరం కాకపోతే వడ్డీ, అది ఎప్పుడో రద్దు. ఈ కాగితం చెల్లదు."

నవాజు సాయిబు చేతిలోని కాగితం వంక చూసుకున్నాడు. కాగితం పోతే అంతా పోయినట్టే. వంద ఇచ్చినట్టు ఎక్కడా రాసుకోలేదు. తన తెలివే తన మెడకు చుట్టుకుంది. "మరి నా వంద? నేనిచ్చిన వంద!" అని కేక పెట్టాడు.

మౌలాలి నేల చూపులు చూస్తున్నాడు.

"ఎక్కడికీ పోలేదు సాయిబుగారూ. తీసుకున్నది నేనే. రెండో ఏడు వంద రూకలు ఈ కొంగునే కట్టుకున్నాను. అది నేను ఇవ్వాలి" అంది కాశింబీ.

నవాజు సాయిబు ఆమె వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లలో ఆయనకు వేలిముద్రలు వేసినవాళ్లు వందల మంది. వేలిముద్ర లేకుండా మాట నిలబెట్టిన మనిషిని చూడటం ఇదే మొదలు.

"అమ్మా, మొదటి ఏడు ఎంత తీసుకున్నావు, ఎంత ఇచ్చావు?" అని ఖాజీగారు అడిగారు.

"వంద తీసుకున్నాను. నూట ఇరవై ఇచ్చాను."

"ఆ ఇరవై నీది. వందలోంచి తీసెయ్. నువ్వు ఇవ్వాల్సింది ఎనభై. విల్లు జోలికి ఎవరూ పోకూడదు."

"ఎనభై కూడా ఇప్పుడు నా దగ్గర లేవండీ" అంది కాశింబీ.

ఖాజీగారు సాయిబు వైపు తిరిగారు. "నువ్వు వ్యాపారస్తుణ్ణంటావు కదా! అయితే వ్యాపారం చెయ్యి. నీకు ఇష్టమైతే నీ రూకలు ఇంకో ఎనభై పెట్టి పత్తి కొని నీదిగా ఆమె కొట్టంలో వెయ్యి. పరుపులు అమ్మగా వచ్చినదాంట్లోంచి ఆమె పాత బాకీ పట్టుకోకూడదు, ముందు మీ పొత్తు లెక్క తేలాలి. లాభం చెరి సగం. ఆమె తప్పు లేకుండా నష్టం వస్తే నీ రూకలు పోతాయి, ఆమె కష్టం పోతుంది. పాత బాకీ ఎనభై ఆమె మిగుల్చుకున్నప్పుడు ఇస్తుంది, అంతవరకు అది పెరగదు."

"వాన వస్తే?" అన్నాడు సాయిబు భయంగా.

"వాన వస్తే ఇద్దరూ తడుస్తారు."

నవాజు సాయిబు ఆ రోజు ఔనన్నాడా? అనలేదు. ఇంటికి పోయి మూడు రోజులు లెక్కలు వేసుకున్నాడు. ఈలోగా కుమ్మరీ, గానుగవాడూ, నేతగాళ్లు ముగ్గురూ "మేమూ ఆ బిందె కొన్నవాళ్లమే" అంటూ మేడ మెట్ల మీద వరసగా కూర్చున్నారు. ఇక ఆ బిందె గడప దాటదని ఆయనకు అర్థమైంది. పడి ఉన్న రూకలు పిల్లలు పెట్టవు. ఊళ్లో ఒక్క మనిషి మాట మీదే ఆయనకు నమ్మకం కుదిరింది. నాలుగో రోజు ఎనభై రూకలు మూటగట్టుకుని పడమటి వీధికి వచ్చాడు.

పత్తి కొట్టంలో పడిన మరునాడే ఒక వింత జరిగింది. నవాజు సాయిబు తల ఎత్తి ఆకాశం చూశాడు. అరవై ఏళ్లు వచ్చిన మనిషి, నెలవంక కోసం తప్ప ఎన్నడూ అటు చూడలేదు. "ఆ మబ్బు ఇటేనా వస్తోంది?" అని దారిన పోయేవాణ్ణల్లా అడిగాడు. కొట్టం కప్పు చూసి, "ఇదేం కప్పమ్మా, ఇలా ఉంటే మన దూది ఏం కావాలి!" అని బండెడు తాటాకు తోలించాడు. మన దూది అన్నాడని మౌలాలి రోజంతా నవ్వుకున్నాడు, దగ్గు వచ్చినా ఆగకుండా.

చైత్రంలో మళ్లీ గాలివాన వచ్చింది. నవాజు సాయిబు మేడ దిగి, చెప్పులు మరిచి, బురదలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. కాశింబీ ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకుని కొత్త తాటాకు మీద తాళ్లు బిగించారు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. దూది మాత్రం పొడిగా ఉంది.

ఏడాది తిరిగేసరికి పెట్టుబడి పోను నలభై రూకలు మిగిలాయి. కాశింబీ వాటిని చాప మీద రెండు కుప్పలు పోసింది. చెరి ఇరవై. పాత బాకీ ఎనభై ఎనభైగానే ఉంది, ఒక్క రూక పెరగలేదు.

నవాజు సాయిబు తన ఇరవై లెక్కపెట్టుకున్నాడు. బిందె తెచ్చిపెట్టిందీ ఏటా ఇరవయ్యే. కానీ ఆ ఇరవై చేతిలో పడ్డప్పుడు పడమటి వీధిలో ఎవరింట్లోనో పొయ్యి ఆరేది. ఈ ఇరవై పడ్డప్పుడు ఎదురుగా మరో ఇరవై ఉంది, దాని వెనక ఒక మనిషి నవ్వుతూ ఉంది. ఆయన ఒక్క రోజులో ఔలియా అంతటి పుణ్యపురుషుడు అయిపోయాడని చెబితే మీరూ నమ్మరు. రూక కింద పెట్టే ముందు మూడుసార్లు చూసే గుణం చివరిదాకా పోలేదు. కానీ వెళుతూ వెళుతూ వాకిట్లో ఆగి, మబ్బుల వంక చూసి, "వచ్చే ఏడు కప్పు మీద ఇంకో వరస వేయిద్దాం కాశింబీ" అన్నాడు.

"వేయిద్దాం సాయిబుగారూ" అంది కాశింబీ, విల్లు అందుకుంటూ.

అందుకే పిల్లలూ, వానలో మనతో పాటు తడిసినవాడికే పంటలో మనతో పాటు పాలు.